పని మానేశాక సొంత కొట్టు పెట్టుకోకూడదా?

ప్రశ్న: లాయరమ్మ గారూ, ఇందుకూరుపేట మండలంలో ఒక రొయ్యల ఫీడు, మందుల షాపులో 9 ఏళ్లు పనిచేశాను. గుంటల మీదికి పోయి నీళ్లు టెస్టు చేయడం, చెక్ ట్రేలు (రొయ్యలు మేత ఎంత తింటున్నాయో చూసే పళ్లేలు) చూసి మందు చెప్పడం, పంట పట్టినాక బాకీలు వసూలు చేయడం అంతా నేనే. జనవరిలో మానేసి, ఏప్రిల్‌లో 4 కిలోమీటర్ల అవతల సొంత కొట్టు పెట్టాను. పాత రైతులు 18 మంది నా దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడు ఓనరు గారు లాయరు నోటీసు ఇప్పించారు. చేరేటప్పుడు 100 రూపాయల స్టాంపు పేపరు మీద నాతో సంతకం పెట్టించుకున్నారు. మానేశాక రెండేళ్లు జిల్లాలో ఈ వ్యాపారం చేయకూడదని, చేస్తే 5 లక్షలు కట్టాలని అందులో ఉంది. సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండు వాళ్ల దగ్గరే ఉన్నాయి. డిసెంబరులో, ఇంకా ఉద్యోగంలో ఉండగానే, ముగ్గురు రైతులకు మినరల్స్ నేనే సొంతంగా తెప్పించి ఇచ్చిన మాట నిజం. షాపు ఖాతా పుస్తకం ఫొటోలు కూడా నా ఫోనులో ఉన్నాయి. కొట్టు మూసేయాలా?
- ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: మూయొద్దు తమ్ముడూ. లాయరు నోటీసు కోర్టు ఆర్డరు కాదు.

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఎవరినైనా న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా కట్టడి చేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదని దాని 27వ సెక్షను చెబుతుంది. స్టాంపు పేపరు మీద రాసినా అంతే. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో, అంటే దానికున్న మంచి పేరుతో సహా అమ్మేసిన మనిషికైతే కొంత కట్టడి పెట్టొచ్చు, మీరు అమ్మింది ఏమీ లేదు. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా ఇదే సూత్రాన్ని నిలబెట్టింది: ఒప్పందం గడువు ముగిశాక కూడా మనిషిని కట్టేసే షరతు చెల్లదు. ఆ షరతే చెల్లనప్పుడు దాన్ని తప్పినందుకు 5 లక్షలు కట్టమనడమూ నిలవదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపింది డిసెంబరు సంగతి. జీతం తీసుకుంటున్నన్నాళ్లూ ఓనరుకు పోటీగా వ్యాపారం చేయకూడదనే షరతు చెల్లుతుందని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ముగ్గురికీ ఎన్ని బస్తాలు ఇచ్చారో, ఎంత మిగిలిందో బిల్లులు తీసి లెక్క కట్టండి. దాన్ని దాచి జవాబు రాస్తే, రేపు ఆ రైతుల్లో ఒకరు కోర్టులో నోరు విప్పగానే మీ మిగతా మాటలకు కూడా విలువ పోతుంది.

ఫొటోలది ఇంకో చిక్కు. ఏ గుంటలో ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) ఎప్పుడు పడిపోతుందో, ఎవరి గుంటకు ముందు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చిందో మీ తలలో ఉంది, దాన్ని ఎవరూ వెనక్కి అడగలేరు. ఎవరికి ఏ రేటు, ఎంత అరువు అని రాసుకున్న ఆ పేజీలు మాత్రం షాపువి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ సూపర్‌వైజరు కేసు నేను చూశాను. మీరు సంతకం పెట్టినలాంటి ఒప్పందం, అదే బాండు, దాని సంగతి తొందరగానే తేలింది. బయ్యర్ల లిస్టు ఎక్కించుకుపోయిన పెన్‌డ్రైవ్ గురించి మాత్రం అతను చాలాకాలం వాయిదాలకు తిరిగాడు. నోటీసు వచ్చాక ఆ ఫొటోలు చెరిపేయకండి, సాక్ష్యం మాయం చేశారంటారు. వాడకండి, ఎవరికీ పంపకండి. మీ లాయరుకు చూపించి, ఆయన ద్వారానే వాటిని అప్పగించే ఏర్పాటు చేయండి.

ఒక మాట అడుగుతాను. ఆ 18 మంది పాత షాపులో ఎంత బాకీ ఉన్నారు? సీడు వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా అరువు మీద ఫీడు పోసింది ఆయన. పంట అమ్మిన డబ్బు మీ కొట్టుకు వచ్చి ఆయన బాకీ అలాగే ఉండిపోతే, ఆయన కడుపు మంట నాకు అర్థమవుతుంది. బాండు కాగితం బయటికి తీయడానికి అసలు కారణం ఇదే అయి ఉండొచ్చు. పాత బాకీ కట్టొద్దని ఏ రైతుకూ చెప్పలేదని, చెప్పనని జవాబులో రాయించండి. ఆ మాట నిజమైతేనే రాయించండి.

చెక్కుల విషయంలో అశ్రద్ధ వద్దు. ఖాళీ చెక్కు మీద వేరేవాళ్లు అంకె వేసినా, సంతకం మీదైతే బాకీ ఉందనే కోర్టు మొదట అనుకుంటుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. లేదని చూపించాల్సింది మీరే. అందుకే ఆ చెక్కుల నంబర్లు వేసి, ఉద్యోగంలో చేరేటప్పుడు హామీగా ఇచ్చానని, తిరిగి ఇవ్వమని ఇప్పుడే రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. ఒకవేళ బ్యాంకులో వేసి బౌన్స్ నోటీసు పంపితే, అందిన 15 రోజుల లోపే జవాబు వెళ్లాలి.

మీకు చెప్పకుండా ఇంజంక్షన్, అంటే కొట్టు ఆపమనే కోర్టు ఆర్డరు తెచ్చుకుంటారేమోనని భయంగా ఉంటే నెల్లూరు కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దనే అర్జీ) వేయించండి. 90 రోజులు పనిచేస్తుంది. కొట్టు లైసెన్సు మీ పేరునే ఉందో లేదో కూడా చూసుకోండి.

9 ఏళ్లు చేశానన్నారు. ఆ షాపులో 10 మందో అంతకు మించో పనిచేస్తుంటే మీకు గ్రాట్యుటీ, అంటే చాలా ఏళ్లు పనిచేసి మానేసినప్పుడు ఓనరు ఇవ్వాల్సిన సొమ్ము రావాలి, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. దాని ఊసు ఉత్తరంలో లేదు. నోటీసు జవాబులోనే అదీ అడిగించండి.