ఇంజన్ సంగతి తర్వాత, ముందు రెక్క చూడు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుణుపురంలో మీ కాలేజీ క్లబ్బు కుర్రాళ్లంతా కలిసి రేడియో కంట్రోల్ మోడల్ జెట్ విమానం కడుతున్నారనీ, గంటకు 300 కిలోమీటర్లు దాటించాలని పంతం పట్టారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇక్కడ సునాబెడలో 1964లో పెట్టిన ఫ్యాక్టరీలో మిగ్-21 ఇంజన్ల దగ్గర్నుంచి సుఖోయ్-30 ఇంజన్ల దాకా విప్పి బిగించేవాళ్ల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. జెట్ అన్న మాట వింటే ఊరుకోలేను, అందుకే రాస్తున్నాను.

దానికి టర్బైన్ ఇంజన్ కూడా సొంతంగా తయారుచేస్తారట. వద్దు నాయనా. ఆ చిన్న ఇంజన్లలో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. బ్యాలెన్స్ ఏ కాస్త తప్పినా ముందు బేరింగ్ పోతుంది, తర్వాత ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. కొనుక్కోండి. కొన్నదానికైనా కిరోసిన్‌లో సుమారు 5 శాతం టర్బైన్ ఆయిల్ కలపాలి, బేరింగులకు తడి ఆ ఇంధనం నుంచే అందుతుంది మరి. ఆపేశాక చల్లారేదాకా స్టార్టర్ దాన్ని తిప్పుతూనే ఉంటుంది. పని అయిపోయింది కదా అని బ్యాటరీ పీకేసేవాడు ప్రతి క్లబ్బులోనూ ఒకడుంటాడు, వాడిని కనిపెట్టి ఉండు.

అదీ ఈ ఏడాది వద్దంటాను. ముందు కరెంటు మోటారుతో నడిచే డక్టెడ్ ఫ్యాన్, అంటే గొట్టంలో తిరిగే ఫ్యాన్ పెట్టి ఎగరేయండి. ఫ్యాన్ వెనక్కి తోసే గాలి వేగాన్ని విమానం దాటలేదు కాబట్టి, నేల మీద కట్టేసి కొలిచిన థ్రస్ట్ (తోపు బలం) చూసి మురిసిపోకండి. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్లు పవర్ కావాలి. 2017లో జర్మనీ ఆయన నీల్స్ హెర్‌బ్రిచ్ టర్బైన్ మోడల్‌ని 749 కిలోమీటర్ల వేగంతో తోలి గిన్నిస్‌కెక్కాడు. మీకు అంత తొందరేమీ లేదు.

నా భయమంతా రెక్క గురించే. ఎయిలరాన్, అంటే విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క వెనకాల పలక, దాని అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఆడించు. దాన్ని తిప్పే సర్వో మోటారు కదలకుండా అంచు మాత్రం కదిలిందా, ఎక్కడైనా చిన్న 'టిక్' వినిపించిందా, ఆ రోజు ఎగరేయొద్దు. నెమ్మదిగా పోయేటప్పుడు ఆ లూజు ఎవరికీ తెలియదు. వేగం పెరిగాక అదే ఫ్లట్టర్ అవుతుంది, అంచు గాలిపటం తోకలా కొట్టుకుని, మీరు థ్రాటిల్ తగ్గించేలోపే రెక్క ఊడొస్తుంది. సర్వోనీ ఎయిలరాన్‌నీ కలిపే లింకు రాడ్డు పొట్టిగా, గట్టిగా ఉండాలి. ఎయిలరాన్ మీద ఆ రాడ్డు తగిలించే హార్న్ రంధ్రం అరిగితే హార్న్ మార్చెయ్యాలి, ఫెవిక్విక్ పూసి సరిపెట్టకూడదు. ఎయిలరాన్ బరువు హింజ్‌కి (కీలుకి) వెనకపక్క ఎక్కువగా ఉంటే ముందుపక్క చిన్న సీసం ముక్క పెట్టి సరిచూసుకోండి. అలాగని ఆ ముక్కే ఊడిపోయేలా అతికించకండి!

ఇక చోటు. గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83 మీటర్లు. 3 జీ మలుపు, అంటే రెక్కల మీద విమానం బరువుకు మూడింతల భారం పడే మలుపు తిప్పితే చుట్టు వ్యాసార్ధమే 250 మీటర్లు, అంటే అటు నుంచి ఇటు అర కిలోమీటరు. అంత దూరాన మీ విమానం ఏ పక్కకు ఒరిగిందో కంటికి ఆనదు. 2021 డ్రోన్ నిబంధనల్లో గుర్తింపు పొందిన విద్యాసంస్థలకు పరిశోధన కోసం సడలింపు ఉంది కానీ, అది గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో), సొంత ఆవరణలోనో తమ అధీనంలోని ఖాళీ స్థలంలోనో ఎగరేసినప్పుడే. మీ మలుపేమో ఆవరణలో పట్టదు. కాబట్టి పేపర్ల సంగతి ముందే మీ సార్లతో మాట్లాడు. ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై డ్రోన్ మ్యాపు చూసుకో, గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు. బరంపురం దగ్గర రంగైలుండ రన్‌వే ఖాళీగా కనిపిస్తోంది కదా అని అనుమతి లేకుండా బండెక్కించి తీసుకుపోకండి.

ఎండల్లో గాలి పలచబడి థ్రస్ట్ తగ్గుతుంది, టెస్టులు తెల్లవారుజామున పెట్టుకోండి.

రిసీవర్‌కి సిగ్నల్ పోతే ఇంజన్ ఆగిపోవాలి. విమానాన్ని నేల మీద కట్టేసి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి, కళ్లారా చూశాకే నమ్ము. మూత బిగించేముందు పనిముట్లు లెక్కపెట్టండి, లెక్క తప్పితే మళ్లీ విప్పాల్సిందే. మా షాపులో పెద్దాఫీసరైనా దీనికి మినహాయింపు లేదు. 'ఈ రోజు వద్దు' అనే అధికారం పైలట్‌కి కాక వేరే కుర్రాడికివ్వండి. నలుగురి ముందు ఎగరేయాలన్న ఉబలాటం పైలట్‌కే ఎక్కువ ఉంటుంది.

రెక్క డ్రాయింగు, సర్వోల మోడల్ నంబర్లు వాట్సాప్‌లో పంపు. స్పార్ (రెక్క లోపలి దూలం) దేనితో చేస్తున్నారో కూడా రాయి.

మీ మామయ్య