ఆ ముగింపు మీకు అలా గుర్తుండటానికి కారణం ఉంది

మీరు అడిగింది ఇదీ: 1957లో వచ్చిన 'విట్నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్' సినిమాలో హత్య కేసు నుంచి భర్త బయటపడ్డాక, భార్యాభర్తలిద్దరూ చట్టం కళ్లు కప్పి వెళ్లిపోయినట్టు మీకు బాగా గుర్తు. ఇన్నేళ్లకు మళ్లీ చూస్తే, ఆవిడ అతన్ని కోర్టు హాల్లోనే పొడిచేసింది. వేరే ప్రింట్ ఏదైనా ఉందా, లేక మీ బుర్రే కల్పించుకుందా అని మీ అనుమానం.

సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. ముగింపు చెప్పకుండా దీనికి జవాబు రాయడం కుదరదు.

ప్రింట్ సంగతి పక్కన పెట్టండి. అసలు ఈ కథకే ఒకటి కంటే ఎక్కువ ముగింపులున్నాయి. అగాథా క్రిస్టీ దీన్ని మొదట చిన్న కథగా రాశారు. 1925లో ఒక పత్రికలో అచ్చయింది. అందులో భర్త నిర్దోషిగా విడుదలవుతాడు. భార్య కావాలనే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పి, తన సాక్ష్యం అబద్ధమని తానే బయటపడేలా చేసిందని లాయరుకు చివర్లో తెలుస్తుంది. అతను నిర్దోషి అని నీకు తెలుసు కాబట్టే ఇదంతా చేశావు కదా అని లాయరు అనబోతే, కాదు, అతనే హంతకుడని తెలుసు అంటుంది. అంతే, కథ అక్కడితో అయిపోతుంది. కత్తీ లేదు, రెండో అమ్మాయీ లేదు.

1953లో లండన్‌లో నాటకంగా వేసినప్పుడు క్రిస్టీయే ముగింపు మార్చారు. ఆ కొత్త ముగింపు మీద ఆవిడ గట్టిగా పట్టుబట్టారు కూడా. భర్త ఇంకో అమ్మాయితో వెళ్లిపోతానంటాడు, భార్య అతన్ని పొడుస్తుంది. సినిమాలో దర్శకుడు బిల్లీ వైల్డర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. పొడిచాక కూడా సినిమా ఆగదు. ఆమె అతనికి శిక్ష అమలు చేసిందన్నట్టుగా మాట్లాడి, ముసలి లాయరు సర్ విల్‌ఫ్రిడ్ ఆమె కేసు తానే తీసుకుంటాడు. విశ్రాంతి కోసం చేయాల్సిన ప్రయాణం మానుకుంటాడు. సినిమా అంతా అతన్ని అదుపులో పెట్టాలని చూసిన నర్సే, మీ బ్రాందీ మరిచిపోయారంటూ ఫ్లాస్కు అందిస్తుంది.

అంటే మీకు గుర్తున్నది దాదాపు కథ ముగింపు. దీని మీద మా అక్కకూ నాకూ పెద్ద వాదనే జరిగింది. "ఆవిడ అతన్ని చంపడమేంటే? అంత కష్టపడి కాపాడుకున్నది చంపడానికా?" అని అక్క. నేను అప్పటికి కొద్ది రోజుల ముందే సినిమా చూసి ఉన్నాను. అక్కకేమో 'అతనే హంతకుడని తెలుసు' అన్న ఆ చివరి మాట, సినిమాలో భార్యగా వేసిన మార్లీన్ డీట్రిచ్ గొంతులోనే చెవిలో మోగుతోందట. తీరా ఆరా తీస్తే, అక్క కాలేజీ రోజుల్లోనే కథ చదివింది, సినిమా ఆ తర్వాతెప్పుడో చూసింది. ఇద్దరం కూర్చుని కథ చివరి పేజీ తీసి చూస్తే, తను చెప్పింది అక్షరాలా అక్కడుంది. ముగింపు పుస్తకంలోది, ముఖమూ గొంతూ సినిమాలోవి. రెండూ కలిసి ఒకే జ్ఞాపకమైపోయాయి. ఎక్కడ విన్నామో, ఎక్కడ చదివామో అన్న సంగతి విషయం కంటే ముందే మనసులోంచి జారిపోతుంది. అక్క అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పడం లేదు.

మీరు కథ చదవలేదంటే రెండో కారణం చూడాలి. ఆ వాదన తర్వాత, ఈ సినిమా చూశామన్న వాళ్లెవరు కనిపించినా చివర ఏమైందో చెప్పమని అడగడం నాకు అలవాటైంది. చాలామంది జ్యూరీ తీర్పు దగ్గరే ఆగిపోతారు. కొందరు ఆమెకు ఉరి పడిందంటారు, సినిమాలో అలాంటిదేమీ చూపించరు. లాయరు మళ్లీ కేసు తీసుకోవడం చెప్పేవాళ్లు బాగా తక్కువ. నాకు అర్థమైనంతలో, కోర్టు కథ అంటే తీర్పుతో ముగియాలని మనలో ముందే ఒక అచ్చు ఉంటుంది. ఈ సినిమాలో అసలు విషయమంతా తీర్పు వచ్చి, జనం వెళ్లిపోయి, హాలు ఖాళీ అయ్యాకే మొదలవుతుంది. అచ్చులో పట్టని ముక్కను మనసు రాలగొట్టేస్తుంది, లేదా శిక్ష తగిలించి సరిచేస్తుంది.

కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటిదే చూపించాడు. అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి ఇంగ్లండులో కొందరిచేత చదివించి, తర్వాత మళ్లీ చెప్పించాడు. ఆ కథ చివర్లో చనిపోయేవాడి నోట్లోంచి ఏదో నల్లటిది బయటికొస్తుంది. చెప్పగా చెప్పగా కొందరి నోట అది నురగ కక్కడమైపోయింది. వింతగా ఉన్న చోట తమకు తెలిసినది పెట్టేసుకున్నారు.

1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగమైతే నేరుగా సాక్షుల గురించే. విద్యార్థులకు కార్ల యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించి, కొందరిని కార్లు తగులుకున్నప్పుడు వేగమెంత అని, ఇంకొందరిని కార్లు నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు వేగమెంత అని అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దం చూశారా అంటే మొదటి గుంపులో 50 మందికి 7గురు, రెండో గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు. సాక్షి మాటను ఎంతవరకు నమ్మాలన్న సినిమా విషయంలోనే మన సాక్ష్యం ఇలా తడబడటం నన్ను నిజంగా కదిలిస్తుంది.

ఇంకో మాట. సినిమా అయ్యాక తెర మీద ఒక గొంతు, ముగింపు ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకులను కోరుతుంది. పదిమందితో చెప్పుకుంటేనే ఏ కథైనా నికరంగా గుర్తుంటుంది. ఇక్కడ చెప్పుకోవద్దన్నది సరిగ్గా ఆ చివరి పది నిమిషాలే. ఆ మాట నిజాయితీగా పాటించినవాళ్లకు అవే ముందు మసకబారాయేమోనని నా అనుమానం.

సినిమాలో విడుదలయ్యాక భర్త తానే హంతకుడినని అంత ధీమాగా ఒప్పుకోవడం మీకు నమ్మశక్యంగా అనిపించక మర్చిపోయారేమో కూడా. అప్పటి ఇంగ్లండు చట్టంలో ఒకసారి నిర్దోషిగా తేలినవాడిని అదే నేరానికి మళ్లీ విచారించడం కుదరదు, అందుకే ఆ ధీమా. 2003లో తెచ్చిన చట్టంతో, హత్యలాంటి తీవ్ర నేరాల్లో బలమైన కొత్త ఆధారం దొరికితే మళ్లీ విచారించే వీలు వచ్చింది.

మీది ఏ రకమో తేల్చుకోవాలంటే ఒక్క షాట్ గుర్తు తెచ్చుకోండి. పొడవడానికి కాస్త ముందు సర్ విల్‌ఫ్రిడ్ తన ఒంటి కంటి అద్దాన్ని వేళ్ల మధ్య ఆడిస్తుంటాడు. దాని వెలుగు వెళ్లి, సాక్ష్యంగా బల్ల మీద పెట్టిన కత్తి మీద పడుతుంది. ఆమె చూపు అక్కడికి వెళ్తుంది. ఒక్క మాటైనా లేకుండా ఆమెకు కత్తి చూపించేశాడు వైల్డర్. ఈ వెలుగు మీకు లీలగానైనా గుర్తుంటే, సినిమా చివరిదాకా చూశారన్నమాటే, తర్వాత మనసు తీర్పు దగ్గర కత్తిరించుకుంది. అస్సలు గుర్తులేకపోతే, అంతకుముందెప్పుడో ఈ కథ చదివారేమో, ఎవరైనా చెబితే విన్నారేమో ఆలోచించండి. ఏ సంగతో తేలితే ఇక్కడే రాయండి, మా అక్కకు చూపించాలి.