మాటల పెట్టె: ఇంగ్లీషు పదాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రోజూ డిక్షనరీ చూసి పది కొత్త ఇంగ్లీషు మాటలూ, పక్కన తెలుగు అర్థాలూ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. వారం తిరిగేసరికి సగం మర్చిపోతోంది. గుర్తున్నవి వ్యాసంలో వాడితే టీచరు ఎర్రసిరాతో కొట్టేస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: శ్రమ రెండుచోట్ల వృథా అవుతోంది. నోట్‌బుక్‌లో మాటా అర్థమూ పక్కపక్కనే ఉంటే, ఎన్నిసార్లు తిరగేసినా బుర్రకు వెతికే పని పడదు. తడుముకుని గుర్తుతెచ్చుకున్న మాటే నిలుస్తుంది. రెండోది, ఒంటి అర్థం. 'నొటోరియస్' పక్కన 'పేరుపొందిన' అని రాసుకున్న పిల్ల 'మా ఊరు మామిడిపళ్లకు నొటోరియస్' అని రాసేస్తుంది. అది చెడ్డపేరుకు వాడే మాట. 'నిర్వాకం' అంటే 'చేసిన పని' అని మాత్రమే నేర్చుకున్నవాడు హెడ్మాస్టరుగారి నిర్వాకాన్ని సభలో మెచ్చుకుంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

పదికి బదులు రోజుకు నాలుగు మాటలు, వారానికి ఐదు రోజులు చాలు. అట్టముక్కలు కత్తిరించండి. ముందువైపు ఖాళీ ఉన్న ఇంగ్లీషు వాక్యం, మొదటి అక్షరం మాత్రం ఇవ్వాలి. 'మిటిగేట్' అయితే, చెట్లు వరద నష్టాన్ని తగ్గిస్తాయనే వాక్యం రాసి ఆ మాట చోట గీత గీయాలి. వెనకవైపు స్పెల్లింగు, ఏ అక్షరం నొక్కి పలకాలో గుర్తు, దానితో జతకట్టే రెండు మాటలు: డామేజ్, రిస్క్. ఈ జతలే ప్రాణం. మనం కుండపోత వాన అంటాం, కుండపోత ఎండ అనం. ఇంగ్లీషులోనూ వానకు 'హెవీ', కాఫీకి 'స్ట్రాంగ్'.

ఇక చెప్పులపెట్టెను నాలుగు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకోసారి. చెప్పగలిగితే అట్ట తర్వాతి అరలోకి వెళ్తుంది. తప్పితే ఏ అరలో ఉన్నా మొదటికి రావాల్సిందే. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మొదటి అరలో పదిహేను అట్టలు దాటితే కొత్తవి ఆపేయండి. చాలామంది ఇక్కడ ఆగకపోవడంవల్లే పెట్టె అటకెక్కుతుంది. 'ఎకనామిక్', 'ఎకనామికల్' లాంటి కవలల్ని ఒకేరోజు నేర్పకండి, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మొదటిది గట్టిపడ్డాక, రెండు వారాలు ఆగి రెండోది ఇవ్వండి.

మాటలు డిక్షనరీలోంచి కాదు, ఆమె సైన్సు, సోషల్ పాఠాల్లోంచి ఏరండి. భాషా పరిశోధకురాలు ఏవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పదకుటుంబాలున్నాయి (ఒక మాటా, దాన్నుంచి పుట్టిన రూపాలూ కలిస్తే ఒక కుటుంబం). సిగ్నిఫికెంట్, డెరైవ్, సస్టెయిన్ లాంటివి. పై చదువుల్లో ఏ సబ్జెక్టు తీసుకున్నా ఇవి ఎదురవుతూనే ఉంటాయి. అరుదైన ఆడంబరపు మాటలకన్నా ఇవే ముందు రావాలని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: ధాతువులు, ఉపసర్గలు నేర్పితే వేల మాటలు వాటంతటవే వస్తాయంటారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: కొంతవరకే. 'స్పెక్ట్' అంటే చూడటం అని తెలిస్తే ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్, రెట్రోస్పెక్ట్ ఒక గుత్తిగా గుర్తుంటాయి. కానీ అర్థం తెలిశాక గుర్తుపెట్టుకోవడానికే ధాతువును వాడాలి, తెలియని అర్థాన్ని ఊహించడానికి కాదు. ఆహారం, విహారం, సంహారం ఒకే ధాతువులోంచి వచ్చినవే అయినా ఒకదాన్నిబట్టి మరోటి చెప్పగలమా? 'ఇన్‌విజిబుల్'లో 'ఇన్' లేమిని చెబుతుంది. పెట్రోలు ట్యాంకరు వెనక రాసే 'ఇన్‌ఫ్లేమబుల్'లో అలా కాదు. దానర్థం తేలిగ్గా అంటుకునేదని. ఆ తేడాను క్లాసులో బోర్డుమీద తప్పక చూపించండి.

ప్రశ్న: ఏ డిక్షనరీ కొనాలి? ఇంగ్లీషు–తెలుగుది చాలదా?
– విద్యార్థి, విజయనగరం

జవాబు: తెలుగు అర్థం మొదటి మెట్టుకు మంచిదే. వాడుకకు మాత్రం లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకోసం తేలిక ఇంగ్లీషులోనే అర్థాలు రాసినది, కావాలి. లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లిష్ నిర్వచనాలు సుమారు 2000 తేలిక మాటలతోనే రాసినవి, నీకు అందుతాయి. అర్థం చూసి మూసేయకు, ఉదాహరణ వాక్యం చదువు. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' రాదని అక్కడే తెలుస్తుంది. మన 'గురించి'ని వెంట తీసుకెళ్లడంవల్ల వచ్చే తప్పది. ఫోన్‌లో ఉచ్చారణ కూడా విను: 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరం, 'ఫొటోగ్రఫీ'లో రెండోది నొక్కాలి.