పెడల్ స్టీల్‌కి పాత ఎఫెక్ట్ యూనిట్లు: ఏది కొనొచ్చు, ఏది వద్దు

డాలస్‌లో సెకండ్ హ్యాండ్ పెడల్ స్టీల్ (తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడళ్లతో శ్రుతి మారుస్తూ వాయించే గిటార్) కొన్నాను, వచ్చే ఏడాది హైదరాబాద్ తిరిగొచ్చేస్తున్నాను, ఈలోపు అక్కడ దొరికే అరుదైన పాత ఎఫెక్ట్ యూనిట్లలో, అంటే శబ్దాన్ని మార్చే పెట్టెల్లో, ఏవి తీసుకోమంటారు అని కదండీ మీ ప్రశ్న. నేనూ ఇలాగే రెండు పెట్టెలు విజయవాడ మోసుకొచ్చినవాణ్ణే కాబట్టి చెబుతున్నాను.

ముందు ఒకసారి స్టీల్ దగ్గర కూర్చుని, మీ ఒంట్లో ఏది ఖాళీగా ఉందో చూసుకోండి. ఎడమ పాదం పెడళ్ల మీద, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద, మోకాళ్లు రెండూ లీవర్ల దగ్గర, ఎడమ చేతిలో బార్, కుడి చేతి వేళ్లకి పిక్కులు. మిగిలింది నోరే. మామూలు గిటారిస్టు ‘వా వా’ అనిపించడానికి పాదంతో తొక్కే వా పెడల్ మనకెందుకు కుదరదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఆ మిగిలిన నోటిని కూడా వదలని మనిషి స్టీల్ వాద్యకారుడు పీట్ డ్రేక్. 1964లో ‘ఫరెవర్’ పాటలో ఆయన స్టీల్ గిటార్ చేత మాట్లాడించాడు. స్టీల్ శబ్దాన్ని ప్లాస్టిక్ గొట్టం గుండా నోట్లోకి పంపి, పెదవులతో మాటలుగా మలిచి, ఎదురుగా ఉన్న మైకులోకి వదిలేవాడు. 1970లో డ్రేక్ బీటిల్స్ జార్జ్ హారిసన్ రికార్డింగుకి వెళ్లినప్పుడు అక్కడే ఉన్న రాక్ గిటారిస్టు పీటర్ ఫ్రాంప్టన్ ఇది విని ముగ్ధుడైపోయాడు. తర్వాత ఆయన ఇదే పద్ధతిని (టాక్ బాక్స్ అంటారు) రాక్‌లో వాడి పేరు తెచ్చుకున్న కథ రాక్ వాళ్లందరికీ తెలిసిందే. దీనికోసం పాత యూనిట్ వేటాడకండి. మైకు సెట్ల వాళ్లు హారన్ వెనక బిగించే డ్రైవర్ యూనిట్ ఉంటుంది చూడండి, దానికి గొట్టం బిగిస్తే పని జరిగిపోతుంది. నేను అలాగే చేసుకున్నాను. చొల్లు మాత్రం కారుతుంది, ఒళ్లో తువ్వాలు పెట్టుకోండి.

నన్ను బాగా ఏడిపించింది, నేను ఎక్కువ ప్రేమించింది డిఆర్మండ్ కంపెనీ ట్రెమొలో, అంటే శబ్దాన్ని హెచ్చిస్తూ తగ్గిస్తూ ఊపే పెట్టె. ఇందులో వాల్వూ లేదు, ట్రాన్సిస్టరూ లేదు. చిన్న డబ్బీలో కరెంటు పారే ద్రవం, లోపల ఒక పిన్. మోటారు ఆ డబ్బీని ఊపుతుంది. ద్రవం ఎగిసి పిన్నుని తాకినప్పుడల్లా సిగ్నల్ కొంత గ్రౌండులోకి జారిపోయి శబ్దం తగ్గుతుంది, ద్రవం కిందికి రాగానే మళ్లీ లేస్తుంది. స్విచ్చు వేసి తీసినట్టు టకటకా కాదు, అల ఒడ్డుకొచ్చి వెనక్కి పోయినట్టు. స్టీల్ మీద నెమ్మదిగా సాగే స్వరానికి ఇంత బాగా అతికే ట్రెమొలో నాకింకోటి దొరకలేదు.

నాకు అమ్మినాయన “పనిచేస్తుంది” అన్నాడు. అబద్ధమేం కాదు, మోటారు తిరిగింది. డబ్బీలో మాత్రం చుక్క లేదు, ఎప్పుడో ఇంకిపోయింది. కిటికీ అద్దాలు తుడిచే నీలం ద్రవం పోస్తే ప్రాణం వస్తుందని పాతకాపులు చెప్పారు, వచ్చింది. విజయవాడ తెచ్చి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టేసరికి ఊపు నీరసంగా ఉంది. మోటారు అరిగిందనుకుని విప్పాను, నూనె వేశాను, రెండు ఆదివారాలు పోయాయి. తీరా చూస్తే లోపం మోటారుది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనైతే 110కి దించుతుంది గానీ మన కరెంటు 50 సైకిళ్లని అమెరికా 60 చేయదు, మోటారు వేగమేమో ఆ సైకిళ్లని బట్టే ఉంటుంది. స్పీడ్ నాబ్ ఇంకాస్త తిప్పితే సరిపోయే దానికి యంత్రమంతా విప్పాను! ఇంకో మాట, దాని వైరుకి రెండు పిన్నులే ఉంటాయి. మెకానిక్‌తో ఎర్తు ఉన్న మూడు పిన్నుల వైరు వేయించకుండా చెయ్యి పెట్టకండి.

టేపు మీద రికార్డు చేసి ప్రతిధ్వని పుట్టించే ఎకోప్లెక్స్‌దీ ఇదే తంతు. టేప్ అసలు వేగంలో ఆరింట ఐదు వంతులతోనే నడుస్తుంది కాబట్టి ప్రతిధ్వని ఐదో వంతు ఆలస్యమవుతుంది. శ్రుతి మాత్రం చెడదు, రికార్డూ ప్లే రెండూ అదే వేగంలో కదా.

ఫజ్ సంగతి. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాటకి గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బాస్ వాయిస్తుంటే నాష్‌విల్ స్టూడియో కన్సోల్ పాడై బొంగురు శబ్దం వచ్చింది. ఆ పొరపాటునే కావాలని పుట్టించే పెట్టె మాస్ట్రో ఫజ్-టోన్, 1962లో గిబ్సన్ అమ్మింది. ఫజ్‌ని స్టీల్ వాళ్లు వాడితే ఏమవుతుందో ఫ్లయింగ్ బురిటో బ్రదర్స్ బ్యాండు 1969 ఆల్బమ్‌లో స్నీకీ పీట్ క్లైనో చూపించాడు. కావాలంటే కొత్త నకలు కొనండి, పాతదానికి పోసే డబ్బు దండగ అని నా అభిప్రాయం. వాల్యూమ్ పెడల్‌కి ముందు పెడితే పాదం ఎటు కదిపినా బొంగురు అంతే ఉంటుంది, తర్వాత పెడితే పాదం వెనక్కి తీసేకొద్దీ తేటపడుతుంది. మూడు తీగలు కలిపి మీటకండి, ముద్దైపోతుంది. రెండే మీటండి. మేజర్ థర్డ్‌ని (మన అంతర గాంధారం) పియానో కంటే 14 సెంట్ల దాకా (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) దించి శ్రుతి చేసుకుంటే ఫజ్‌లో కూడా గరగరలాడదు.

ఒక్కటే కొనమంటే మాత్రం డిఆర్మండ్ వాల్యూమ్-టోన్ పెడల్. పాదం కిందికీ పైకీ ఆడిస్తే వాల్యూమ్, పక్కకి తిప్పితే టోన్. అదే కుడి పాదంతో రెండు పనులు, బ్యాటరీ లేదు, 110 వోల్టుల గొడవ లేదు. కొనేటప్పుడు పెడల్ ఆడించి కరకర వినపడుతోందేమో చూడండి, వినపడినా బేరమాడటానికే తప్ప భయపడటానికి కాదు, లోపల తిరిగే పాట్ (వాల్యూమ్ మార్చే భాగం) మార్చుకోవచ్చు. ఎకోప్లెక్స్ మీద మనసు ఆగకపోతే టేప్ కార్ట్రిడ్జులు రెండు మూడు అక్కడే కొనుక్కుని రండి.