పని వచ్చు, కానీ మీటింగులో నోరు పెగలదు

అమెరికాలో ఎమ్మెస్ అయ్యి, ఇక్కడే ఉద్యోగంలో చేరి ఏడాది దాటిన ఒక చెల్లెలు అడిగింది. "అక్కా, కోడింగ్ అంతా నేనే చేస్తాను, డెమో మాత్రం పక్క సీట్లో అతను ఇస్తాడు, పైవాళ్లకి అతని పేరే తెలుసు. నా ఇంగ్లీషు బాగాలేదేమో, ఏదైనా కోర్సు ఉంటే చెప్పు."

కోర్సు సంగతి తర్వాత. నీ ఇంగ్లీషుకి వచ్చిన లోటేమీ లేదమ్మా. రెండేళ్లు ఇంగ్లీషులోనే చదివావు, ఇంటర్వ్యూ గట్టెక్కింది కూడా ఇంగ్లీషులోనే. నేను 2009లో తెనాలి నుంచి డాలస్ వచ్చినప్పుడు నాకూ ఇదే అనుమానం ఉండేది, అమెరికన్ యాస నేర్పే సీడీలు కొన్నాను, అవి ఇప్పటికీ గరాజ్‌లో ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. యాస మాత్రం రాలేదు.

అసలు చిక్కు ఎక్కడుందో నాకు తెలిసేసరికి ఒక రిలీజు పాడైంది. సోమవారం మీటింగులో మేనేజరు "శుక్రవారానికి అయిపోతుందా?" అన్నాడు. నేను తలాడించాను. నా మనసులో ఆ తలాడింపుకి అర్థం "విన్నాను, ప్రయత్నిస్తాను" అని, ఆయన దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకున్నాడు. మంగళవారానికే నాకు తెలిసిపోయింది, వేరే టీము నుంచి రావాల్సిన డేటాబేస్ మార్పు రాలేదు, అది లేకుండా నా పని కదలదు. అయినా చెప్పలేదు. రెండు రాత్రులు కూర్చుని ఏదో దారి వెతికాను, చేతకానిదాన్ని అనుకుంటారేమోనని. శుక్రవారం మధ్యాహ్నం ఆయనే వచ్చి అడిగితే సారీల మీద సారీలు చెప్పాను. ఆయన కోప్పడలేదు, "ఈ సంగతి నీకు ఎప్పుడు తెలుసు?" అని మాత్రం అడిగాడు. మంగళవారం అన్నాను. "మంగళవారం చెప్పి ఉంటే ఆ టీముతో నేను మాట్లాడేవాణ్ణి, ఇప్పుడు నా చేతిలో ఏముంది?" అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

మనకి చిన్నప్పటి నుంచి ఒకటే అలవాటు కదా. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు, అడిగితేనే చెప్పాలి, క్లాసులో సారు "అర్థమైందా?" అంటే అరవై మందీ ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అనాలి. ఇక్కడ మీటింగులో ఊరికే కూర్చున్నవాణ్ణి వినయం ఉన్నవాడు అనుకోరు, చెప్పడానికేమీ లేనివాడు అనుకుంటారు. అన్యాయమే, కాదనను. కానీ అప్రైజల్ రాసేది వాళ్లు.

అందుకని మొదట నేర్చుకోవాల్సింది డెమో ఇవ్వడం కాదు, చెడు కబురు ముందుగా చెప్పడం. నేను వాడే పద్ధతి ఇది: ఏం జరిగింది, దానివల్ల ఏం ఆగుతుంది, నేనేం చేద్దామనుకుంటున్నాను, మళ్లీ ఎప్పుడు చెబుతాను. "డేటాబేస్ మార్పు ఇంకా రాలేదు, బుధవారం దాటితే శుక్రవారం రిలీజు కష్టం, ఆ ఒక్క భాగం ఆపి మిగతాది పంపుదామా, రేపు పదింటికి ఎంతవరకు వచ్చిందో చెబుతాను." అంతే. సంజాయిషీలు వద్దు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి జరిగిన కథ అసలే వద్దు, మనకి ఆ కథ చెప్పే జబ్బు ఉంది. ఇలా నాలుగైదుసార్లు చెబితే నువ్వు "అవుతుంది" అన్నప్పుడు జనం నమ్మడం మొదలుపెడతారు, నిన్ను అడక్కుండా తేదీలు వేయరు. లీడర్‌షిప్ అంటే నాకు తెలిసింది అక్కడే మొదలవుతుంది, టైటిల్ వచ్చాక కాదు.

కొన్ని మాటలు మాత్రం మార్చుకో. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకి సందేహం, వాళ్లకి మాత్రం నువ్వు వాళ్ల మాట నమ్మట్లేదన్నట్టు వినిపిస్తుంది, "క్వశ్చన్" అను. "2019లో పాసౌట్ అయ్యాను" అంటే స్పృహ తప్పి పడిపోయావనుకుంటారు, నేనూ ఒకసారి ఆ మాట వాడి నవ్వులపాలయ్యాను, నీకెందుకు. వాళ్ల మాటలకీ నిఘంటువు కావాలి. మేనేజరు "యూ మే వాంట్ టు కన్సిడర్" అన్నాడంటే సలహా ఇచ్చాడనుకుని వదిలేయకు, చాలాసార్లు చెయ్యమనే దాని అర్థం. "ఇంటరెస్టింగ్" అన్నాడంటే మెచ్చుకున్నాడో లేదో తేల్చుకోవడానికి ఇంకో ప్రశ్న వెయ్యి.

నోరు తిరగడానికి సాధన కావాలంటే టోస్ట్‌మాస్టర్స్‌కి వెళ్లు, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే క్లబ్బులు అవి. 1924లో కాలిఫోర్నియాలో శాంటా ఆనాలో మొదలైంది, ఇప్పుడు చాలా ఆఫీసుల్లోనే క్లబ్బులు ఉంటాయి. ఆరు నెలలకి 60 డాలర్లు, మొదటిసారి చేరేటప్పుడు ఇంకో 20, కొన్ని క్లబ్బులు పైన కొంత వేసుకుంటాయి. అతిథిగా వెళ్లి చూడటం ఉచితం కాబట్టి ముందు రెండు మూడు చోట్ల కూర్చుని చూడు, అన్ని క్లబ్బులూ ఒకలా ఉండవు. మొదటి ప్రసంగం నీ గురించి నువ్వే, నాలుగు నుంచి ఆరు నిమిషాలు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలో కార్డులో చూపిస్తారు, ఎరుపు వస్తే ముగించాలి. నువ్వు ఎన్నిసార్లు "ఆ... ఊ..." అన్నావో లెక్క పెట్టడానికి ఒక మనిషి ఉంటాడు, అచ్చంగా అదే అతని పని. నాకు బాగా పనికొచ్చింది టేబుల్ టాపిక్స్: అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మీటింగులో హఠాత్తుగా "వాట్ డూ యూ థింక్?" అన్నప్పుడు జరిగేది అదే కదా. మొదటిరోజు నేను ఇరవై సెకన్లు మాట్లాడి కూర్చున్నాను, అయినా చప్పట్లు కొట్టారు.

మనుషుల చేత పని చేయించడం మాత్రం అక్కడ రాలేదు నాకు, ఇక్కడి తెలుగు సంఘం ఉగాది భోజనాల దగ్గర వచ్చింది. ఆఫీసులో నీ కింద పనిచేసేవాళ్లకి జీతం వస్తుంది, నచ్చకపోయినా చేస్తారు. వాలంటీరుకి ఏమొస్తుంది? పులిహోర గిన్నె దగ్గర నిలబడాల్సినాయన పాత స్నేహితుడు కనబడ్డాడని హాలు చివరికి వెళ్లిపోయాడు, క్యూ తలుపు దాకా వచ్చింది, ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఏమని పిలుస్తావు, ఎలా చెబుతావు? "బాబాయ్, మీరు లేకపోతే లైను నా మాట వినట్లేదు" అన్నాను, నవ్వుకుంటూ వచ్చి చివరిదాకా నిలబడ్డాడు. ఏ మేనేజ్‌మెంట్ క్లాసుకీ తీసిపోదు అది. ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడి క్లాసులకీ మనుషులు కావాలి, శని ఆదివారాలు ఖాళీగా ఉంటే వెళ్లి అడుగు.

ఇంకొక చిన్న సంగతి, వీసాకి సంబంధించింది. మేనేజరు పోస్టు ఇస్తామంటే ఎగిరి గంతేసే ముందు, నీ గ్రీన్‌కార్డుకి పెర్మ్ (కంపెనీ నీ కోసం కార్మికశాఖ నుంచి తెచ్చే అనుమతి) నడుస్తుంటే కంపెనీ లాయర్ని అడుగు. అది ఒక ఫలానా ఉద్యోగం మీద వేస్తారు, ఉద్యోగం బాగా మారిపోతే మళ్లీ మొదటికి రావచ్చు. వాట్సాప్ గ్రూపులో అడగొద్దు, అక్కడ పది మంది పది రకాలుగా చెబుతారు.

ఇక డెమో సంగతి. పక్కతన్ని తిట్టుకోకు, అతను అడిగాడు కాబట్టి అతనికి ఇచ్చారు. ఈ వారం మేనేజరుతో విడిగా కూర్చునే వన్ ఆన్ వన్‌లో "వచ్చే డెమోలో నేను చేసిన భాగం నేనే చూపిస్తాను" అని చెప్పు, చూపించనా అని కాదు. ముందురోజు గట్టిగా రెండుసార్లు చదువుకో, బాత్రూమ్ అద్దం ముందైనా సరే. మనం కంగారులో రైలులా పోతాం, అందుకని ప్రతి స్క్రీను మార్చాక ఒక గుక్క నీళ్లు తాగు, పక్కనే సీసా పెట్టుకో. యాస నీది నీకే ఉండనీ. పేరు మాత్రం వాళ్లు తప్పు పలికితే పోనీలే అని వదిలేయకుండా రెండోసారి చెప్పు, నెమ్మదిగా, నవ్వుతూ. నేను మొదటి కంపెనీలో మొహమాటపడి ఊరుకున్నాను, మూడేళ్లు ఎవరిదో పేరుకి పలికాను.