పాత టైప్‌రైటర్ కీబోర్డును ఎక్కడ మార్చి ఉంటే వేగం పెరిగేది?

ప్రశ్న: తొలి టైప్‌రైటర్ల కీబోర్డు మీద అక్షరాలను ఇంకా బాగా అమర్చి ఉంటే జనం ఎక్కువ వేగంతో టైప్ చేసేవారా? ఆ డిజైన్‌లో నిజంగా ఏం మార్చాల్సింది?

పెరిగేది, కానీ మీరు అనుకునేంత కాదు. పైగా 1870లలోనే అక్షరాలు మార్చి ఉంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. అప్పట్లో వేగానికి అడ్డం మెషీనే. వేళ్ల సంగతి ఆ తర్వాత. మెషీన్ బాగుపడేసరికి జనం చేతులు పాత వరుసకు అలవాటు పడిపోయాయి. ఉద్యోగమంతా ఒక జిల్లా కోర్టులో టైపిస్టుగా చేశాను. రెమింగ్టన్, గోద్రెజ్ మెషీన్ల మీద మొదలుపెట్టి కంప్యూటర్ దాకా వచ్చాను. అక్షరాలను వేరే వరుసలో పెట్టిన డ్వోరాక్ కీబోర్డు కూడా నేర్చుకుని చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అమెరికాలోని మిల్వాకీకి చెందిన క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ మరో ఇద్దరితో కలిసి 1868లో పేటెంట్ తీసుకున్న మెషీన్‌కు పియానో మెట్ల లాంటి కీలు ఉండేవి. అక్షరాలు ఏ, బి, సి వరుసలో ఉండేవి. ఆ వరుస ఆనవాలు ఇప్పటికీ పోలేదు. మీ కీబోర్డు మధ్య వరుస చూడండి: డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. మధ్యలో ఉండాల్సిన ఇ, ఐ పై వరుసకు వెళ్లాయి, మిగిలినవి ఉన్నచోటే ఉండిపోయాయి. తుపాకుల కంపెనీ రెమింగ్టన్ 1873లో తయారీకి ఒప్పుకుని 1874లో దాన్ని మార్కెట్లో పెట్టింది. అందులో అన్నీ పెద్ద అక్షరాలే. షిఫ్ట్ కీ 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో మోడల్‌తో వచ్చింది. రెండు మూడు అక్షరాలు తప్ప ఈనాటి క్వెర్టీ వరుసే (పైన క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వైతో మొదలయ్యేది) ఉన్న పేటెంటు కూడా అదే ఏడాదిది.

ఆ తొలి మెషీన్ ఎలా పనిచేసేదో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. టైప్ బార్లు, అంటే చివర అక్షరం అచ్చు ఉన్న లోహపు కడ్డీలు, ఒక గుండ్రటి బుట్టలా కిందికి వేలాడుతూ ఉండేవి. కీ నొక్కితే బార్ కింది నుంచి లేచి, కాగితం చుట్టిన రోలర్ అడుగున కొట్టేది. కొట్టాక తన బరువుతోనే వెనక్కి పడాలి. అది పడేలోపు పక్క బార్ లేస్తే రెండూ తగులుకునేవి. అంతకన్నా పెద్ద ఇబ్బంది, కొడుతున్న లైను టైపిస్టుకు కనపడదు. రోలర్ ఉండే క్యారేజ్ ఎత్తి చూస్తే తప్ప ఏం పడిందో తెలీదు. అలాంటి మెషీన్ మీద అక్షరాలు ఎంత తెలివిగా అమర్చినా ఏం లాభం?

టైపిస్టుల వేగం తగ్గించడానికే ఆ వరుస పెట్టారని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బార్లు తగులుకోకుండా ఉంటే పని ఆగకుండా సాగుతుంది. ఆ ఉద్దేశంతో కొన్ని అక్షరాలను దూరం పెట్టి ఉండొచ్చు. అయితే ఇంగ్లీషులో తరచు కలిసి వచ్చే ఇ, ఆర్ పక్కపక్కనే ఉన్నాయి కదా. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు కోయిచి యాసుఓకా, మోటోకో యాసుఓకా 2011లో వేరే కారణం చూపించారు. తొలి రోజుల్లో ఈ మెషీన్లు వాడినవాళ్లలో టెలిగ్రాఫ్ ఆపరేటర్లు ఉన్నారు. అప్పటి టెలిగ్రాఫ్ సంకేతాలైన అమెరికన్ మోర్స్‌లో జెడ్ వినపడితే అది ఎస్-ఇ అయినా కావచ్చు, అందుకే ఎస్ అటు జెడ్‌కు, ఇటు ఇ కి దగ్గరగా ఉందంటారు. ఈ వాదన నాకు నచ్చింది. పనిచేసేవాళ్లు అడిగిందే మెషీన్‌లోకి వస్తుంది. నా చుట్టూ అలాగే జరగడం చూశాను.

షోల్స్ కూడా ఆ వరుసతో తృప్తి పడి ఆగిపోలేదు. ఆయన 1890లో చనిపోయారు. 1896లో ఆయన పేరు మీద వచ్చిన పేటెంట్‌లో అక్షరాల వరుస పూర్తిగా వేరు. అప్పటికే ఆలస్యమైపోయింది. 1893లో రెమింగ్టన్‌తో సహా పెద్ద కంపెనీలు ఒకే గొడుగు కిందికి చేరాయి, క్వెర్టీ స్థిరపడిపోయింది.

నిజంగా వేగం తెచ్చిన మార్పు 1890ల చివర్లో అండర్‌వుడ్ మెషీన్‌తో వచ్చింది. బార్లు ముందు నుంచి కొడతాయి, లైను కళ్లెదుటే కనిపిస్తుంది. మేం నేర్చుకున్న మెషీన్లన్నీ ఈ పద్ధతివే. ఇన్‌స్టిట్యూట్‌లో మెషీన్ కవర్ తీసి శుభ్రం చేసే పని పిల్లలకే అప్పజెప్పేవారు, అప్పుడు గమనించిన విషయం ఒకటి చెబుతాను. ఒక్కో కీ కింద నుంచి ఒక్కో లివర్ వెనక్కి వెళుతుంది. నాలుగు వరుసల లివర్లు ఒకదానికొకటి అడ్డం రాకూడదు కాబట్టి వరుసలను కొంచెం కొంచెం పక్కకు జరిపారు. ఇ కీకి ఆర్ కీకి మధ్య ఖాళీలో డి, సి, పైన ఒక అంకె, మొత్తం మూడు లివర్లు వెళతాయి. అంటే కీలు పక్కపక్కన ఉన్నా బార్లు పక్కపక్కన లేవు. పక్కపక్కన ఉన్న బార్లు ఇ, డి లాంటివి. ఆ రెండూ కొట్టేది ఒకే వేలు, కాబట్టి రెండు దెబ్బల మధ్య ఎలాగూ కాస్త జాగా వస్తుంది. అందుకే మా రోజుల్లో బార్లు ఇరుక్కోవడం కొత్తగా నేర్చుకునేవాళ్లకే ఎక్కువ, చేయి తిరిగినవాళ్లకు అరుదు.

లివర్ల కోసం జరిపిన ఆ వరుసలు లివర్లే లేని కంప్యూటర్ కీబోర్డులో ఇంకా అలాగే ఉన్నాయి. ఎడమ చేయి కింది వరుసకు దిగాలంటే వేళ్లు మెలి తిరగాలి. జెడ్, ఎక్స్, సి కొట్టి చూడండి, మణికట్టు బయటికి వంగుతుంది. డిజైన్‌లో ఏదో ఒక్కటే మార్చే అవకాశం ఇస్తే నేను అక్షరాల జోలికి పోను, కీలను నిలువు వరుసల్లో పెడతాను.

టైపింగ్ పద్ధతి సంగతి కూడా చెప్పాలి. 1888 జులై 25న సిన్సినాటీలో ఒక పోటీ జరిగింది. సాల్ట్ లేక్ సిటీ నుంచి వచ్చిన ఫ్రాంక్ మెక్‌గరిన్ రెమింగ్టన్ మీద, కీలు చూడకుండా కొట్టాడు. లూయీ ట్రాబ్ కాలిగ్రాఫ్ మీద కొట్టాడు. కాలిగ్రాఫ్‌లో పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు వేర్వేరు కీలు, షిఫ్ట్‌తో పనే లేదు. చూడకుండా కొట్టినవాడే గెలిచాడు. మా ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజు నుంచి ఏ-ఎస్-డి-ఎఫ్-జి-ఎఫ్, సెమీకోలన్-ఎల్-కె-జె-హెచ్-జె అని పేజీలకు పేజీలు కొట్టించింది ఇందుకే. కీబోర్డు వంక చూస్తే మాస్టారు చేతుల మీద కాగితం కప్పేవారు. లోయర్ పరీక్షకు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45. నాతో పాటు పరీక్షకు వచ్చినవాళ్లలో తప్పినవాళ్లు ఎక్కువగా కళ్లు కిందికి దించినవాళ్లే. అక్షరాలు ఎక్కడున్నాయన్నది అందరికీ ఒకటే కదా.

అలాగని క్వెర్టీలో లోపాలు లేవనడం లేదు. వాటిని రోజూ వేళ్ల మీద భరించాను. ‘ఏ’ అనే అక్షరం ఇంగ్లీషులో అడుగడుగునా వస్తుంది, దాన్ని తీసుకెళ్లి ఎడమ చిటికెన వేలి కింద పెట్టారు. తీర్పు కాపీలు కార్బన్ పేపర్లు పెట్టి కొట్టేవాళ్లం. పై కాగితం బాగానే ఉంటుంది. అడుగు కాపీ తీసి చూస్తే ఏ, క్యూ, పి వెలిసిపోయి ఉండేవి, మిగతావి నల్లగా. చిటికెన వేలికి ఆ బలం రావడానికి నెలలు పడుతుంది.

ఇంకో పెద్ద లోపం, ఒకే వేలితో వరుసగా కొట్టాల్సి రావడం. కోర్టులో రోజుకు ఎన్నిసార్లు కొట్టామో లెక్కలేని మాట డిక్రీ. దాని ఆరు అక్షరాలు డి, ఇ, సి, ఆర్, ఇ, ఇ. ఇందులో ఆర్ తప్ప మిగతా అయిదూ ఎడమ మధ్య వేలివే. వేలు మధ్య వరుస నుంచి పైకి, పై నుంచి అడుగుకు, మళ్లీ పైకి పరుగెత్తాలి. అప్పుడు కుడి చేయి ఖాళీగా కూర్చుని ఉంటుంది. చనిపోయిన వ్యక్తిని సూచించే డిసీజ్‌డ్ అన్న మాట కూడా మొత్తం ఎడమ చేతిదే, అందులోనూ మొదటి నాలుగు అక్షరాలు మధ్య వేలివే. వారసత్వ కేసుల ఆర్డర్లు కొట్టిన సాయంత్రం ఆ వేలి కణుపు నొప్పి పెట్టేది.

ఆగస్ట్ డ్వోరాక్ పట్టుకున్నది సరిగ్గా ఇదే. ఆయన సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర ప్రొఫెసర్. బావమరిది విలియం డీలీతో కలిసి 1936లో పేటెంట్ పొందారు. అచ్చులన్నీ ఎడమ చేతి మధ్య వరుసలో, ఎక్కువగా వాడే హల్లులు కుడి చేతి మధ్య వరుసలో పెట్టారు. దాంతో చేతులు ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తాయి. సుమారు 70 శాతం దెబ్బలు మధ్య వరుసలోనే పడతాయి, క్వెర్టీలో అది 32 శాతం దగ్గర ఉంటుంది. డ్వోరాక్‌లో డిక్రీ కొట్టి చూస్తే డి కుడి చూపుడు వేలికి, ఇ ఎడమ మధ్య వేలికి, సి, ఆర్ కుడి చేతిలో రెండు వేరు వేరు వేళ్లకు వచ్చాయి. మొదటిసారి ఆ మాట అలా జారిపోతే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆఫీసులో కంప్యూటర్లు వచ్చాక సెట్టింగ్స్‌లో డ్వోరాక్ ఉందని తెలిసి సాయంత్రాలు ఇంట్లో సాధన చేశాను. కొన్ని నెలలకు నా పాత వేగం దగ్గరకు వచ్చింది, అంతకు మించి పెరగలేదు. అలసట మాత్రం తగ్గింది, ఆ తేడా నిజం. ఇబ్బందులూ ఉన్నాయి. ఎల్, ఎస్ రెండూ కుడి చిటికెన వేలికే వస్తాయి, కాబట్టి ఆల్సో, ఎల్స్ లాంటి మాటలు వచ్చిన ప్రతిసారీ చిరాకే. కాపీ, పేస్ట్ కోసం అలవాటైన సి, వి కీలు కుడి వైపుకు వెళ్లిపోతాయి. ఆఫీసులో మెషీన్ ఒకటే, వాడేవాళ్లు నలుగురు. నా తర్వాత కూర్చున్నవాళ్లకు ఏది కొడితే ఏది పడుతుందో తెలీక టెన్షన్. చివరికి ఆఫీసులో క్వెర్టీ, ఇంట్లో ఇంగ్లీషుకు డ్వోరాక్ అని పెట్టుకున్నాను.

పరిశోధనల ఫలితాలు కూడా అటూ ఇటూ ఉన్నాయి. 1944లో అమెరికన్ నేవీ పరీక్ష డ్వోరాక్ వైపు మొగ్గింది, అయితే అప్పుడు డ్వోరాక్ స్వయంగా నేవీలో అధికారి. 1956లో అక్కడి ప్రభుత్వ సంస్థ కోసం ఎర్ల్ స్ట్రాంగ్ చేసిన పరీక్షలో, పాత టైపిస్టులకు కొత్త కీబోర్డు నేర్పడం కన్నా పాత దాని మీదే ఇంకొంత సాధన చేయిస్తే మేలని తేలింది. పోటీల్లో చూసినా, 1923లో ఆల్బర్ట్ టాంగోరా గంటసేపు నిమిషానికి 147 పదాల చొప్పున కొట్టింది మామూలు అండర్‌వుడ్ మీదే. 1946లో స్టెల్లా పజునాస్ 216 పదాలు కొట్టారు, అది ఐబీఎం ఎలక్ట్రిక్ మెషీన్ మీద. మామూలు మెషీన్ నుంచి ఎలక్ట్రిక్‌కు మారితే వేళ్ల మీద భారం ఎంత తగ్గుతుందో వాడినవాళ్లకు తెలుసు.

కాబట్టి నా లెక్క ఇది: ముందు లైను కనపడాలి, బార్ త్వరగా వెనక్కి రావాలి, కీ తేలిగ్గా దిగాలి, పది వేళ్లూ చూడకుండా కొట్టాలి. ఇవన్నీ కుదిరాకే అక్షరాల వరుసకు విలువ. ఆ వరుసను కూడా ఒకే వేలికి వెంటవెంటనే పని పడకుండా ఉందా లేదా అని చూడాలి. మధ్య వరుస శాతం ఆ తర్వాతి మాట.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఈ చివరి విషయం బాగా పనికొస్తుంది. కంప్యూటర్‌లో తెలుగు కొట్టడానికి వాడే మన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా డ్వోరాక్ సూత్రం మీదే నడుస్తుంది: గుణింతాల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కు, లు, డు కొడితే కుడి ఎడమ అంటూ చక్కగా సాగిపోతుంది. అయితే ఆ అమరిక భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా చేసింది. అందులో మ, న, వ ఎడమ చేతి కింది వరుసలో పడ్డాయి. న ఉన్నది వి కీ మీద, కొమ్ము జి మీద, గుడి ఎఫ్ మీద. మూడూ ఎడమ చూపుడు వేలివే. అంటే ను, ని కొట్టిన ప్రతిసారీ ఒకే వేలు కింది నుంచి పైకి గెంతాలి. తెలుగులో ను, ని లేని వాక్యం ఎక్కడుంది? నేను, వాడిని, అతనికి, చేశాను... వు, వి సంగతీ అంతే. నాకు చేతనైతే న ను కుడి చూపుడు వేలి కింద హెచ్ కీ మీదకు తెచ్చి, అక్కడున్న ప ను వి కీకి పంపుతాను. పు, పి కొట్టేటప్పుడు అదే ఇబ్బంది వస్తుంది నిజమే, కానీ ను, ని వచ్చినన్ని సార్లు అవి రావు. ఒక పేజీ తెలుగు తీసుకుని పెన్సిల్‌తో సున్నాలు చుడుతూ లెక్కపెట్టండి, మీకే తెలుస్తుంది.