సేంద్రియ పాలు, పచ్చి పాలు, కేంద్రానికి పోసే పాలు: తేడా ఎక్కడుంది?

ప్రశ్న: నాకు ఆరు ముర్రా గేదెలు, రెండు సంకరజాతి ఆవులు ఉన్నాయి. ఎకరంలో పచ్చిమేత వేశాను. వరిగడ్డి, తవుడు, చెక్క బయట కొంటున్నాను. పాలు కేంద్రానికి పోస్తున్నాను. విజయవాడలో సేంద్రియ పాలకు, కాచని పచ్చి పాలకు మంచి ధర పలుకుతోందని అంటున్నారు. ఈ పద్ధతుల మధ్య తేడా ఏమిటి? నేను మారవచ్చా?
– ఒక పాడి రైతు, తెనాలి మండలం, గుంటూరు జిల్లా

జవాబు: మీరు అడిగిన మూడింటిలో ఉత్పత్తి పద్ధతులు రెండే. పశువుకు ఏం మేపుతున్నాం, ఏ మందులు వాడుతున్నాం, కొట్టంలో ఎలా ఉంచుతున్నాం అనే విషయాలను బట్టి సాధారణ పద్ధతి, సేంద్రియ పద్ధతి అని వేరు చేస్తారు. పచ్చి పాలు అన్నది పితికిన తర్వాత వేడి చేశామా లేదా అన్న దానికి సంబంధించిన మాట. కాబట్టి సేంద్రియ పాలు పచ్చివీ కావచ్చు, పాశ్చరైజ్ చేసినవీ కావచ్చు. పట్నంలో ఈ రెండు మాటలనూ కలిపి అమ్ముతున్నందువల్ల, సేంద్రియ పాలను కాచకుండా తాగినా ఫరవాలేదన్న అపోహ పెరుగుతోంది.

అది ప్రమాదకరమైన అపోహ. బ్రూసెల్లోసిస్ (పశువులకు గర్భస్రావం కలిగించే జబ్బు), క్షయ వంటి జబ్బులు పశువు పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్నప్పుడు కూడా పాల ద్వారా మనిషికి సోకగలవు. పొదుగు నుంచి శుభ్రంగా వచ్చిన పాలలోకి కూడా పేడ, చేతులు, క్యాన్ల ద్వారా సూక్ష్మజీవులు చేరుతాయి. 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు గానీ, 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు గానీ వేడి చేస్తే ఈ రోగకారకాలు నశిస్తాయి. మన ఇళ్లలో పాలు పొంగేదాకా కాచే అలవాటు కూడా ఆ పనే చేస్తుంది. అయితే మంట చేయలేని పని ఒకటుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క మేపినప్పుడు పాలలోకి వచ్చే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే బూజు విషం గానీ, పొదుగువాపుకు వాడిన యాంటీబయాటిక్ అవశేషాలు గానీ కాచినంత మాత్రాన పోవు. అఫ్లాటాక్సిన్ ఎం1 కిలో పాలలో 0.5 మైక్రోగ్రాములు మించకూడదని మన ఆహార భద్రతా ప్రమాణం. అవశేషాలను కొట్టంలోనే అరికట్టాలి, సూక్ష్మజీవులను పొయ్యి మీద అరికట్టాలి. సేంద్రియ పద్ధతి మొదటి దానికి కొంత తోడ్పడుతుంది గానీ రెండవదానికి హామీ ఇవ్వదు.

ఇక సేంద్రియ పద్ధతికి మారే విషయం. మందులు మానేస్తే చాలునని చాలామంది అనుకుంటారు గానీ, అసలు చిక్కు మేత దగ్గర వస్తుంది. సేంద్రియ పాలుగా ధ్రువీకరణ పొందాలంటే మేత కూడా సేంద్రియంగా పండినదై ఉండాలి. రసాయన ఎరువులు, పురుగుమందులు మానిన తర్వాత ఏకవార్షిక పంటల భూమికి సాధారణంగా రెండేళ్ల పరివర్తన కాలం ఉంటుంది. మీ లెక్కే చూద్దాం. పెద్ద పశువుకు రోజుకు సుమారు 12 కిలోల ఎండు పదార్థం (నీరు తీసేయగా మిగిలే మేత బరువు) అవసరమనుకుంటే, ఎనిమిదింటికి ఏడాదికి 35 టన్నులు కావాలి. నీటి వసతి బాగుండి, హైబ్రిడ్ నేపియర్ ఎకరానికి 80 నుంచి 100 టన్నుల పచ్చిమేత ఇచ్చిందనుకున్నా, అందులో ఎండు పదార్థం 16 నుంచి 20 టన్నులే. మిగతా వరిగడ్డి, తవుడు, చెక్క అన్నీ సేంద్రియ ధ్రువీకరణ ఉన్నవి దొరకాలి, అదీ ఏడాది పొడవునా. మీ ప్రాంతంలో వరిగడ్డికి కొదవ లేదు. సేంద్రియ వరిగడ్డి మాట వేరు.

సేంద్రియం అంటే జబ్బు పడిన పశువుకు వైద్యం నిరాకరించడం కాదని కూడా గమనించండి. అమెరికా ప్రమాణాల ప్రకారం యాంటీబయాటిక్ వాడిన ఆవు పాలను ఇక సేంద్రియ పాలుగా అమ్మరాదు. మన దేశంలో తప్పనిసరైతే వాడవచ్చు, కాని పాలు వాడకుండా ఆగవలసిన గడువు రెట్టింపు అవుతుంది. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ సూది వేయడం మాత్రం ఏ పద్ధతిలోనూ సమ్మతం కాదు.

నా అభిప్రాయంలో మీరు ఇప్పుడే సేంద్రియ ధ్రువీకరణకు పోవడం తొందరపాటు. పక్క రైతులు కలిసివచ్చి మేత భూమి పెరిగితే పీజీఎస్-ఇండియా (రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే ధ్రువీకరణ) విధానంలో ప్రయత్నించవచ్చు. ధ్రువీకరణ లేకుండా క్యాన్ మీద సేంద్రియం అని రాసి పట్నం పంపకండి. పట్నానికి నేరుగా అమ్మదలిస్తే ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేయించుకుని, పితికిన రెండు గంటల్లోపు పాలను 4 డిగ్రీలకు చల్లబరచి, ‘కాచి వాడండి’ అని స్పష్టంగా చెప్పి అమ్మండి. అంతకు ముందే పశువైద్యాధికారి చేత మందకు బ్రూసెల్లా, క్షయ పరీక్షలు చేయించండి. చూలు ఆఖరి నెలల్లో ఈసుకుపోయిన (గర్భస్రావమైన) గేదె ఉంటే దాని పాలను పరీక్ష ఫలితం వచ్చేదాకా వేరుగా ఉంచండి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టకండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్య దూడలకు బ్రూసెల్లా టీకా జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలు.

మందుల వాడకం తగ్గాలంటే పొదుగువాపును ముందే పట్టుకోవాలి. పితికేముందు ప్రతి చన్ను నుంచి రెండు మూడు ధారలు నల్లటి పళ్లెంలో పిండి చూడండి. విరిగిన తునకలు గానీ, నీళ్లలాంటి పాలు గానీ కనిపిస్తే ఆ పశువును చివర పితకండి. పితికిన వెంటనే చన్నులను పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచి, రంధ్రం మూసుకునేదాకా పశువు పడుకోకుండా అరగంటసేపు ముందు మేత వేయండి. తొలిదశలో కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి, నీటితో పలుచన చేసి, పొదుగుకు రోజుకు పలుమార్లు పూయడం పనిచేస్తుంది. జ్వరం ఉన్నా, పొదుగు గట్టిపడినా ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి. ఒక్క చన్నుకే మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలనూ సీసా మీద రాసిన గడువు తీరేదాకా కేంద్రానికి పోయకూడదు.